పాచి పట్టే దాకా

మా యమ్మ దస్తగిరమ్మ
శుక్రవారం శుక్రవారం గాబు తోమేది.
ఇటుక పొడి, టెంకాయ పీచు.
"పాచి పడితే నీళ్ళు సచ్చినట్టేరా" అనేది.
తోమి తోమి ఆమె గోళ్ళ సందుల్లో
ఆ పచ్చదనం పోయేదే కాదు.

నేనిప్పుడు హంద్రీ ఒడ్డున
పాచి పెంచే పనికి జీతం తీసుకుంటాండా.

మార్చిలో లారీ వచ్చింది.
మూటలు కోసి గుమ్మరిస్తే తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళలు,
రూపాయంత, లోపల బండిచక్రానికున్నట్టు ఆకులు.
లక్షల్లో. నానని బొరుగుల్లా తేలినాయి.
కింద నుంచి బ్లోయర్ గాలి.
పై నుంచి కర్నూలు కడిగి పారబోసిందంతా:
బట్టల సబ్బు, బిర్యానీ నూనె, ఆస్పత్రి నీళ్ళు,
పేరు పెట్టి చెప్పుకోని మిగతాది.

పది దినాలు. జిడ్డు కూడా లేదు.
ఇరవై. నురగ మాత్రం మెట్ల దాకా పొంగింది.
"ఉసేనప్పా, ఏమన్నా పట్టిందా?"
ఇంజనీరమ్మ తస్నీమ్ రోజూ ఇదే మాట.
జల్లెడతో తోడి, వేలితో తడిమి,
"లేదమ్మా, ఇంగా అంగట్లో ఉన్నట్టే ఉండాయి."

పాత ప్లాంటు బురద ట్యాంకరుతో తెచ్చి
పాలకు తోడు పెట్టినట్టు కలిపినాం.
తోడు పెట్టినాక కదిలించగూడదంటారు.
ఇక్కడ రేయింబగలు కదిలిస్తానే ఉండాల.

నలభై ఒకటో రోజు.
బిళ్ళ బయటంతా నున్నగానే ఉంది.
ఒకదానికొకటి రాసుకొని రాసుకొని
బయట ఏదీ నిలవదు.
లోపల, ఆకుల మూలల్లో,
బెల్లం రంగు.
వేలి కింద జారింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నా, మురుగు వాసన కాదు,
తొలివాన పడిన చేను వాసన.

ఆమె మైక్రోస్కోపులో చూపించింది.
కాడల మీద గంటల్లాంటివి
మూతులు తెరుస్తా మూస్తా ఉండాయి.
"పైపొరలో ఉండేవాటికి గాలి అందుతుంది.
అడుగున ఉండేవి గాలి లేకుండానే బతుకుతాయి, తెలుసా?"
నేనేమీ అనలా.
మా నాయన మ్యాన్‌హోల్లోకి దిగిన సంగతి
ఆమెకెట్లా తెలుస్తుంది?

జూన్లో ఒక రాత్రి, పదకొండు దాటినాక,
ఘాటు వాసన. కండ్లు మండినాయి.
ఎవడో ట్యాంకరోడు మెయిన్ కాలవలోకి
ఏందో వదిలిపెట్టి పోయినాడు.
పొద్దునకు బిళ్ళలన్నీ
తెల్లగా, తళతళ.
తెలుపు చూసి భయపడటం
నాకదే మొదలు.
మా యమ్మయితే మెచ్చుకునుండేది.

ఇంజనీరమ్మ చాలాసేపు గమ్మునుండి
రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి
"ఒకటో రోజు" అని రాసింది.

నీళ్ళు హంద్రీలో పడే గొట్టం కాడికి పోతే
గుడ్డలుతికే ఒకామె అడిగింది:
"ఏందన్నా, నీళ్ళు మళ్ళా నల్లగొస్తాండాయి?"
"పాచి లేదక్కా" అన్నా.
ఆమె నన్ను ఎగాదిగా చూసి,
రాతి మీది పాచిని మడమతో గీకి,
జారకుండా నిలబడి,
చీర పిండుకునింది.