నూట ఇరవై దాకా

గుణుపూర్ స్టేషన్ రోడ్డులో మా పళ్ల ఆసుపత్రి.
బోర్డు మీద డాక్టరమ్మ పేరు ఒడియాలో,
కింద తెలుగులో "నొప్పి లేకుండా" అని మాత్రం.
ఆ రెండు మాటలకూ పూచీ నాది.

ముందు దూదితో చిగురు తుడుస్తాను,
ఎండలో ఆరేసిన చేపంత పొడిగా.
తడుంటే జెల్ జారిపోయి
నాలుకను ముందు పడుకోబెడుతుంది.
తర్వాత వేలి కొసన బఠాణీ గింజంత.
స్ట్రాబెర్రీ వాసన. ఆ పండు మా ఊళ్లో తిన్నవాళ్లు తక్కువ,
అందుకే సబ్బంటారు, దగ్గుమందంటారు,
ఓ సవర పిల్లాడు కళ్లు మూసుకుని
"బాహాఘర" అన్నాడు,
ఏ పెళ్లిలో చల్లిన సెంటు గుర్తొచ్చిందో.

ఇక లెక్క.
గోడ మీద గడియారం ఉంది గానీ
భయపడే మనిషికి ముల్లు కదలదు,
ఓ గొంతు కదలాలి.
అరవై దాకా తెలుగు, అమ్మ నేర్పింది.
అది దాటితే ఏకషఠి, బాషఠి, తేషఠి...
ఎక్కాలన్నీ బళ్లో ఆ భాషలోనే వచ్చాయి,
నోరు దానంతటదే ఏరు దాటేస్తుంది.

సంతరోజు వచ్చింది ఎండుచేపల తవిటమ్మ.
పై దవడ పన్ను. అంగిట్లోనూ సూది పడాలి.
అంగిలికి జెల్ చాలదు,
స్టాంపులా ఓ పట్టీ అంటించి
పది నిమిషాలు నాలుకతో తాకొద్దన్నాను.
బెంచీ మీద నోరు మూసుకునే
గుమ్మంలో నిలబడ్డ గిరాకీతో బేరమాడింది:
మూడు వేళ్లు.
కాదు, మూడూ, మడిచిన ఇంకో సగం.

కుర్చీలో చిగురుకి జెల్ రాస్తుంటే నవ్వింది.
"నలబయ్యేళ్లుగా గుడాకు రాత్తన్నాను,
ఏ నొప్పి ఆగిందే?"
అంతలోనే గుటక వేసి బెదిరిపోయింది.
"ఒలమ్మో, నా కొండనాలికేదే?"

ఉంది, ఉంది, అని లెక్క మొదలెట్టాను.
జెల్ పైపొర దాకానే,
లోపలికెళ్తే సూది సూదే.
అది నేను చెప్పను. బోర్డూ చెప్పదు.
ఆమె పిడికిట్లో కొంగు ముడి చూస్తూ
ఎక్కడో తడబడ్డాను.
డాక్టరమ్మ పెదవిని కుదుపుతూ సూది దించింది.
కొంగు ఓసారి బిగిసింది,
వదిలింది.

పన్ను పళ్లెంలో టంగుమన్నాక
దూది కరిచిన సగం మూతితో అంది:
"సూది తెలీలేదనను. సిన్నగా తెలిసింది.
నువ్వు సతస్తరి మింగేసినావు గదే.
తూకంలో నానెప్పుడూ అలా సెయ్యలేదు."

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి
గంప నెత్తికెత్తుకుని పోయింది,
ముక్కు కింద ఈగ వాలినా తెలీకుండా.

తర్వాత ఓ స్కూలు పిల్ల.
చిగురు తుడిచాను. జెల్ రాశాను.
నూట ఇరవై అయింది. డాక్టరమ్మ చెయ్యి చాచింది.
ఒక్క నిమిషమమ్మా, అన్నాను,
నిమిషం కాదు,
ఒక్క అంకె.
సతస్తరి.