ఎడమ బొమ్మ, కుడి బొమ్మ

ట్రోండ్‌హైమ్‌లో డిసెంబరు. రెండున్నరకే పొద్దు కుంగింది.
ఉన్న చీకటి చాలక తెరలు కూడా దించుకుని కూర్చున్నాం,
గుద్రున్, నేను, రెండు మానిటర్లు.
నలభై జతల బొమ్మలు. పేర్లు లేవు, తేదీలు లేవు.
ఏది పాత పద్ధతో ఏది నాదో ఆమెకి తెలీదు.
ఒకటి నుంచి ఐదు దాకా మార్కులెయ్యాలి, అంతే.

పాతది ఒక్కో గీతగా వింటుంది:
ఓ కేక వేసి, ఆగి, మారుపలుకు విని,
రవ్వంత పక్కకి జరిగి మళ్ళీ కేక.
నాది ఏడు వాలుల్లో అలలు పంపి
ఏడు జవాబుల్నీ కలిపి సగటు తీస్తుంది.
ఇసుక చల్లినట్టుండే గరుకంతా అణిగి
కాలేయం ఇస్త్రీ చేసిన గుడ్డలా పరుచుకుంటుంది.

జెల్లీ దిమ్మ మీద మూడు నెలలు కొలిచాను.
లోపల నైలాను తీగలు, గుండ్రటి నల్లని గుంటలు.
తీగ ఎంత సన్నగా కనబడింది,
గుంట అంచు ఎంత కచ్చితంగా తెగింది,
నలుపుకీ బూడిదకీ మధ్య ఎన్ని డెసిబెల్స్ ఎడం.
ప్రతి గడిలోనూ నాదే గెలుపు.
ఆ పట్టికని ఫోన్‌లో దాచుకుని
ట్రాములో కూడా తీసి చూసుకునేవాణ్ణి.

ముప్పై ఎనిమిదేళ్ళు ప్రోబ్ నొక్కిన గుద్రున్ కుడి భుజం
ఇప్పుడు పైకి లేవదు.
ఎడమ చేత్తో మార్కులేస్తోంది.
వాళ్ళ నాన్న హిత్రా దీవిలో హెర్రింగ్ చేపల పడవ నడిపేవాడట.
తడి కాగితం మీద సూది గీసే పొగలో
ఏది చేపల గుంపో, ఏది అడుగు బండో,
ఏది ఊరికే చన్నీటి పొరో
పదేళ్ళ పిల్లకి పడవలోనే నేర్పాడట.
"ముచ్చటగా కనబడ్డ చోట వల వెయ్యకు" అనేవాడట.
కాఫీ తాగుతూ చెప్పిందీ మాట. నేను సగమే విన్నాను.

పదిహేడో జత దగ్గర ఆగింది.
కుడివైపు నాది. నిండు పిత్తాశయం,
అంచు గోటితో గీసినట్టు.
ఎడమవైపు పాతది, గింజలు గింజలుగా,
ఆవిరి పట్టిన కిటికీలా.
కుడికి రెండేసింది. ఎడమకి ఐదు.

నేను నోరు మెదపకూడదు. అది నియమం.
మెదిపాను.

ఆమె కుర్చీ జరిపి, తెర మీద వేలు ఆనించింది.
"ఇక్కడో తెల్లని చుక్క. రెండిట్లోనూ ఉంది.
ఎడమదాంట్లో దాని వెనక చూడు,
అట్టడుగు దాకా నల్లటి చార.
శబ్దం దాటలేకపోయింది. రాయి అది.
ఈ రెండోదాంట్లో నీడ ఏదీ?
ఏడు పక్కల దీపాలు పెడితే
దేనికైనా నీడెక్కడ పడుతుంది?
చుక్క మిగిలింది. దాని పేరు పోయింది."

ఏడు అని నేనామెకి చెప్పలేదు.

హీటరు టిక్కుటిక్కుమంటోంది.
"ఇంతకీ ఎవరిదిది?
ఆరోగ్యవంతుల జాబితాలో పెట్టారే!"

జాబితా రాసింది నేనే.
మూడో వాలంటీరు, పురుషుడు, ముప్పై ఒకటి,
ఫిర్యాదులేమీ లేవు.
ఓ శనివారం ఎవరూ దొరక్క
చొక్కా పైకెత్తి, చల్లటి జెల్ పూసుకుని
నా కడుపు మీద నేనే పెట్టుకున్న ప్రోబ్.

చెయ్యి దానంతటదే పక్కటెముకల కిందికి పోయింది.
కొవ్వు పట్టిన పంది మాంసం తిన్న రాత్రుళ్ళు
భుజం దాకా ఎగబాకే ఆ నొప్పిని
గ్యాస్‌లో, నిద్రలేమిలో, పనిలో కలిపేసి
ఎప్పటికప్పుడు సగటు తీసేశాను.

గుద్రున్ నా చేతిని చూసింది. ఇంకేమీ అడగలేదు.
"పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చెయ్యి, ఆస్లాక్" అంది.
"ఇంకా ఇరవైమూడున్నాయి. తర్వాతది తియ్యి."

పద్దెనిమిదో జతలో
నా బొమ్మకి నాలుగేసింది.
సంతోషమేసింది, ఏం చెయ్యను.