బొమ్మకి చలేస్తోంది

తొమ్మిది దారాలు.
తలకి రెండు, భుజాలకి రెండు,
చేతులకి, మోకాళ్ళకి,
వెన్నుకి ఒక్కటి, వంగి దణ్ణం పెట్టడానికి.
పదోది నాకు కట్టారోయ్ అనేది వ్లాస్తా.
అప్పట్లో నేనూ నవ్వేవాణ్ణి.

నేను లైట్లవాణ్ణి.
ఒస్త్రావాలో ట్రాము డిపో వెనక
అరవై కుర్చీల బొమ్మలాట హాలు మాది.
గనులు మూసేసి ఇన్నేళ్ళయినా
తెరలు దులిపితే బొగ్గు వాసన.

ఆ చలికాలం ఆమె నిద్రపోలేదు.
పదకొండు రాత్రుల్లో పద్నాలుగు తలలు చెక్కింది.
చెక్కపొట్టు మెట్లదాకా వచ్చింది.
తెల్లారుజామున మూడింటికి ఫోను:
"ఓటకార్, చెక్క మాట్లాడుతోంది, రా, విను."
వెళ్ళాను.
పద్నాలుగూ ఒకటే మొహం.
ఒక్కదానికీ కళ్ళు పెట్టలేదు.

పిచ్చి లేకపోతే ఇంత కళ ఎక్కడిదని
పత్రికవాడు రాశాడు.
ఆ తర్వాత నాలుగు నెలలు
గోడవైపు తిరిగి పడుకున్న వీపు గురించి
ఎవరు రాస్తారు?
సూపు పట్టుకెళ్ళి, చల్లారాక
వెనక్కి తెచ్చుకున్న గిన్నె
నా వంటింట్లోనే ఉంది.

లిథియం, రెండు పూటలా.
అప్పుడప్పుడూ నెత్తురు పరీక్ష.
మనసు నిలబడింది,
చేతులు నిలబడలేదు.
చేయి తిరిగిన మనిషి అంటారే,
ఆమెకి వేలు వేలూ తిరిగింది.
ఇప్పుడు ఆ చేతిలో కాఫీ కప్పు
సాసరు మీద పళ్ళు టకటకలాడిస్తుంది.

మార్చిలో మాత్రలు మానేసింది.
పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టు.
మూడు వారాలు ఆ చేతులు బంగారం.
నాలుగో వారం అర్ధరాత్రి,
చెప్పుల్లేకుండా,
ట్రాము పట్టాల మీద బొమ్మని నడిపిస్తూ దొరికింది.
బ్రేకు వేసిన డ్రైవరుకి
ప్రతి ఆటకీ టికెట్టు పంపిస్తాం.
రాడు.

ఆకులు రాలే రోజుల్లో తిరిగొచ్చింది,
మాత్రలతో, వణుకుతో.
రిహార్సల్లో దారాలు చిక్కుపడితే
ఆమె తిట్టిన తిట్లు నా బల్బులకీ తగిలాయి.
"కత్తిరించెయ్ ఓటకార్, అన్నీ."
కత్తెర జేబులోనే ఉంది.
లేదన్నాను.

ఆదివారం ఆట.
మంచులో దారి తప్పిన పోస్టమ్మ కథ.
వణుకు వేళ్ళలోంచి కర్రలోకి,
కర్రలోంచి దారాల్లోకి,
దారాల్లోంచి పోస్టమ్మ మోకాళ్ళలోకి దిగింది.
ఎవరికీ కనపడకూడదని
నేను వెలుగు తగ్గించబోయాను.

ముందు వరసలో చీమిడి ముక్కు పిల్ల ఒకతె లేచి
"దానికి చలేస్తోంది" అంది,
హాలంతటికీ వినపడేలా.
మెడలో మఫ్లరు విప్పి
స్టేజి అంచున పెట్టింది.

వ్లాస్తా ఆట ఆపేసింది.
చచ్చినా ఆపకూడదని
ఇరవయ్యేళ్ళుగా నాకు చెప్పిన మనిషి.
పోస్టమ్మ వంగింది.
మఫ్లరు అందుకోబోయి
నాలుగుసార్లు తప్పింది.
నేను ఊపిరి పీల్చలేదు.
ఐదోసారి అందింది.

చప్పట్లయ్యాక, తెర వెనక
మాత్ర మింగి, మూతి తుడుచుకుని
"బాలేదు" అంది.
"రెండో అంకంలో మోకాలు ఆలస్యమైంది."

పిల్ల తల్లి మఫ్లరు కోసం మళ్ళీ వచ్చింది.
మడిచి ఇచ్చాను.
తడి ఉన్ని, కాస్త జలుబు మందు వాసన.

హాలుకి తాళం వేస్తుంటే
వెనకనుంచి వ్లాస్తా:
"రేపు పదింటికి రా.
వచ్చేటప్పుడు నూనె తీసుకురా,
మోకాలికి."