గుర్రాల ఎల్లయ్య కోసం ఒక పూట

యొర్దాను నీళ్ళు అయిపోయినయి.
ఐదు లీటర్ల క్యాను, కాజీపేటల దిగిన మూడో రోజుకే.
డీజిల్ కాలనీ నుంచి మందు సీసాలు కడుక్కొని వచ్చిండ్రు జనం,
ఒకామె పిల్లగాని వాటర్ బాటిల్ తెచ్చింది.
సిస్టరమ్మా, ఒక్క చుక్క, మోకాలికి, అని.
ముప్పై ఏండ్లు రైల్వే దవాఖానల సూదులేసిన దాన్ని,
ఆ నీళ్ళల్ల ఏమున్నదో తెలుసు, ఏం లేదో తెలుసు.
పోసిన.

పెండ్లయి నలభై ఏండ్లని పోయినం.
మా ఫాదరు కూడగట్టిన టూరు, నలభై ఇద్దరం, పసుప్పచ్చ టోపీలు.
బెత్లెహేముల లైను, గొల్గొతాల లైను.
కానా ఊర్ల పాత జంటలందరికి మళ్ళ పెండ్లి చేసిండ్రు,
మా ఆయన ఔను అనాల్సిన కాడ
"రైట్" అన్నడు.
ముప్పై నాలుగేండ్లు ఇంజను నడిపిన నోరు.

ఏడో రోజు గుంపంత ఒలీవ కట్టె బొమ్మల దుకాణంల పడ్డది.
ఈయన నా కొంగు పట్టి బయటికి గుంజిండు.
పెండ్లయినంక అట్ల గుంజుడు రెండోసారి.
టాక్సీ. హైఫా.

మా ఇంటిపేరు గుర్రాల.
మా ఇంట్ల ఎన్నడూ గుర్రం లేదు.
నిజాము సర్కారుకుండె.
వాటికి గడ్డి కోసి, మాలీసు చేసేటోడు ఈయన తాత ఎల్లయ్య.
మొదటి జర్మనీ లడాయికి గుర్రాలను ఓడెక్కిచ్చిండ్రు,
వాటెనక ఎల్లయ్యను ఎక్కిచ్చిండ్రు.
గుర్రాలెన్ని తిరిగొచ్చినయో ఏ దఫ్తర్లనో లెక్కుంటది.

అప్పటికి మా ఇంట్ల ఏసు లేడు.
శిలువ తెల్వది, మరియతల్లి తెల్వది,
మైసమ్మ తెలుసు.
ఇప్పుడు మేం మనిషికి లక్షా అరవై వేలు కట్టి మొక్కొచ్చిన నేల మీద
ఆ మనిషి, అది ఏ నేలనో తెల్వక,
చెప్పుల్లేకుండ నడిచిండు, గడ్డి కోసిండు,
ఏ ఒలీవ చెట్టు చాటుకో ఒంటికి పోయుంటడు.

ఇనుప గేటు. లోపట తెల్లటి రాళ్ళు, కత్తిరిచ్చిన గడ్డి.
సవారుల పేర్లున్నయి.
ఈయన అద్దాలు తుడుచుకుంట
హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటి చదివిండు.
మళ్ళ మొదటి నుంచి చదివిండు.
గడ్డి కోసినోళ్ళ పేర్లు రాతికెక్కవని
నాకు గేటు కాడనే అనిపిచ్చింది. అన్లేదు.

మూడోసారి మొదలుపెట్టబోయి ఆగి,
నాలుకను అంగిట్లకు ఒత్తి
టొక్కు, టొక్కు అన్నడు.

ఆ చప్పుడు నాకు నలభై ఏండ్ల నుంచి తెలుసు.
రామగుండం బొగ్గు గూడ్సు ఎత్తు కాడ మొరాయిస్తే
ఇంజనుకు అట్ల అంటడని అసిస్టెంట్లు నవ్వేటోళ్ళు.
పిల్ల పాలు తాగకుంటె అన్నడు.
నా రెండో కాన్పుకు తలుపు బయట నిలబడి అన్నడట,
నేనేమన్న గొడ్డునా అని ఎన్నేండ్లు సాధిచ్చిన్నో.
మా మామకుండె అదే అలవాటు, బర్రెల కాడ.
మామకు ఎక్కడిదని నేనెన్నడు అడగలే.

బ్యాగుల మిగిలిన సర్వపిండి ముక్క తీసి
గోడ వారకు పెట్టిన.
చీమలు కూడ ముట్టనంత గట్టిగయింది.
ఎల్లయ్య తాతా, నీ మనుమని పెండ్లికి నలభై ఏండ్లాయె, అని చెప్పిన.
ఏ ప్రార్థన చదవాల్నో ఇద్దరికీ తోచలే.
మైసమ్మ మొక్కు మాకు రాదు, మా జపం ఆయనకు రాదు.
కొద్దిసేపు నిలబడ్డం. బస్సందాలె.

ఎటు పోయిండ్రని ఫాదరు గరమైతే
చుట్టాలింటికి, అన్నడు ఈయన.

ఇయ్యాల పొద్దుగాల మనుమరాలి స్కూటీ ఎత్తుకోలే.
కాలేజీకి యాళ్ళయితుందని అది కాళ్ళు కొట్టుకుంటంటె
తాత లుంగీ ఎగ్గట్టి, హ్యాండిలు మీద చెయ్యేసి, దాని చెవుల చెప్పినట్టు
టొక్కు, టొక్కు.

ప్లగ్గు పోయిందట.
మెకానిక్కు వచ్చి చూసి చెప్పిండు.