బూడిదరంగు తెలిసిన మనిషి

లుడ్వికా గారి దగ్గర
పద్దెనిమిదేళ్లు రంగులు కలిపాను.
వూచ్ నగరంలో నూలుమిల్లుల మసి
ఆరేసిన దుప్పట్ల మీద వాలే కాలం.
తెర మీద లోకమంతా నలుపూ తెలుపూ.
మా సెట్టు మాత్రం
సంతలో గాజుల కొట్టులా ఉండేది.

చావింటి గోడకి నిమ్మపండు పసుపు.
పెళ్లికూతురి గౌనుకి టీ డికాషన్‌లో స్నానం,
అసలు తెలుపు కెమెరా కంట్లో పొడుస్తుందని.
పేదవాడి వంటింటికి గులాబీ.
ఆ గోడ పక్కన నిలబడి
ఆకలితో ఏడవాల్సిన నటుడు
అటు తిరిగి నవ్వుకున్నాడు.

చేరిన మొదటి వారంలో
ఎర్ర తివాచీ మీద పచ్చ సోఫా వేయించి
భుజాలు చరుచుకున్నాను.
ఆవిడ ఏమీ అనలేదు.
మెడలో తాడుకి వేలాడే
ముదురు తేనెరంగు గాజుబిళ్ల
తీసి నా కంటికి పెట్టింది.
సోఫా లేదు.
తివాచీలో మునిగిపోయింది.
"నీ కంటికి అవి బద్ధశత్రువులు,
ఫిలిముకి కవలపిల్లలు" అంది,
ఆర్పిన సిగరెట్ ముక్క చొక్కా జేబులో దాచుకుంటూ.

సొరుగులు నింపేది.
ఎవరూ తెరవని సొరుగులు.
బొగ్గు కొట్టు రసీదులు, పళ్లు ఊడిన దువ్వెన,
సగం అల్లి వదిలేసిన మేజోడు,
తప్పులతడకగా ఒక ప్రేమలేఖ.
అది నాచేతే రాయించింది, ఎడంచేత్తో.
డైరెక్టర్ విసుక్కున్నాడు,
కనపడనిదానికి ఖర్చెందుకని.
"బల్ల బరువుగా ఉంటుంది" అంది.
"ఖాళీ బల్లని మనుషులు ఇంకోలా తోస్తారు."

ఒకసారి ఓ ముసలి నటుడు
డైలాగు మరిచిపోయి సొరుగు లాగాడు.
ఉత్తరం తీశాడు.
చదివాడు. చాలాసేపు చదివాడు.
దీపాల చిటపట తప్ప చప్పుడు లేదు.
ఎడిటింగులో ఆ ముక్క పోయింది.
పొడవు ఎక్కువైందట.

తర్వాత రంగులొచ్చాయి.
మొదటి రంగుల సినిమాకి
నాలుగు రోజులు ఆవిడ డబ్బా మూత తీయలేదు.
ఐదోరోజు నన్ను ట్రాము ఎక్కించింది,
చివరి స్టాపు దాకా,
మళ్లీ ఇటు చివరి స్టాపు దాకా.
ఇటుక. మసి. తడిసిన ఇటుక.
నవంబరు ఆకాశం.
ఒక ప్రహరీ మీద ఎవరో మరిచిపోయిన
నీలం ఎనామెల్ గిన్నె.
"చూశావా," అంది, "అది అరవడం లేదు."

సెట్టంతా మసిరంగే కట్టాం.
మూలన ఆ గిన్నె ఒక్కటి.
(అవును, ఎత్తుకొచ్చాం.
దాని చోట అల్యూమినియంది పెట్టొచ్చాం.)
రష్ చూసి పెద్దాయన లేచి నిలబడ్డాడు:
"రంగుల ఫిలిం మీద ఇంత డబ్బు పోశాం,
ఒక్క గిన్నె కోసమా?"

ఆపై ఏడు ఆవిణ్ణి సామాన్ల గోదాముకి మార్చారు.
కుర్చీలకి నెంబర్లు వేసేది:
రాజులవి, కోర్టువి, మూడు కాళ్లవి.
పంచరంగుల ప్లాస్టిక్ పూలు అద్దెకిచ్చి
సంతకం పెట్టించుకునేది.
ఆవిడ నోట ఫిర్యాదు వినలేదు నేను.
ఒక్కసారి మాత్రం, కొత్త కుర్రాడు
చర్చి బెంచీ పాతబడిందని
మెరిసే వార్నిష్ కొట్టి తిరిగి తెస్తే
వాడి చెవి మెలేసింది.
నలభై ఏళ్ల మోకాళ్లు ఆనితే వచ్చిన నునుపురా అది, వెధవా.

నిన్న రాత్రి టీవీలో మా పాత సినిమా వేశారు.
పేర్లలో ఆవిడది
ఒక అక్షరం తప్పుగా వచ్చి, పోయింది.
వంటింటి సీను రాగానే
మనవరాలు కాలినా అంది,
"ఎంత వెలిసిపోయిన ఇల్లు, తాతా!"
ఆ గోడ గులాబీ రంగమ్మా, అన్నాను.
జ్వరం మందు సీసాలో ఉంటుందే, ఆ గులాబీ.
రెండు వంతులు తెలుపు, వంతు ఎరుపు,
చిటికెడు పసుపు. నేనే కలిపాను, ఒట్టు.
అబద్ధం అంది.
లేచి తెరకి ముక్కు ఆనించి చూసింది.
వేలు ఉమ్మితో తడి చేసుకుని
ఆ గోడని గట్టిగా రుద్దింది.
వేలు వాసన చూసింది.