తెరుచుకో, లేదా

ఈసాఫ్యోర్దుర్ రేవులో జనవరి ఎండ కొండ దాటి రాదు.
చేపల వేలం నుంచి గున్‌హిల్దుర్ ఫోను:
పడవల రిజిస్టరు పేజీ తెల్లగా వస్తోందట.
కాఫీ చల్లారేలోపు చూస్తానన్నాను.
రెండు కప్పులు చల్లారాయి.

పాత పీహెచ్‌పీ ఫైలు. నాలుగో వరుసలో
నాలుగే మాటలు: ఇల్లు, పేరు, గుట్టు, గది.
వాటి వెనకే హ్యాల్మ్‌తీర్ రిటైరయ్యేముందు వదిలిన బెదిరింపు:
తెరుచుకో, లేదా చచ్చిపో.
ఇంగ్లీషులో అది మామూలు మాటే, అందరూ రాసేదే.
నా భాషలోకి తెచ్చుకుంటే నాలుక మీద ఉప్పు.

ఇల్లు అన్నచోట "ఇక్కడే" అని ఉంది.
ఇక్కడ లేదు. పోయిన మంగళవారమే
డేటాబేసును రెయ్క్యావిక్ తరలించారు.
ఖాళీ చేసిన ఇంటి తలుపు ఎంతసేపు తట్టినా
లోపల విసుక్కునేవాళ్ళు కూడా ఉండరు.

చిరునామా మార్చాను. ఈసారి జవాబొచ్చింది:
పేరు చెప్పావు, బాగుంది.
ఆ దారిన వచ్చేవాళ్ళెవరూ నా జాబితాలో లేరు.
ఎవరది అంటే నేనే అనడం
అమ్మ ముందు చెల్లుతుంది, సర్వరు ముందు కాదు.

బెర్గ్‌స్వేయిన్‌ను నిద్ర లేపాను.
ఆవలిస్తూనే అనుమతి రాసి
"ఆ పాస్‌వర్డు ఇంకా అదేనా?" అన్నాడు.
అప్పుడు చదివాను దాన్ని, అక్షరం అక్షరంగా:
స్వాన్లోయిగ్, ఒక అడ్డగీత, పన్నెండు.

తెరుచుకుంది.
చప్పుడేం లేదు. తెల్ల పేజీ మీదికి వరుసలు దిగాయి:
పడవ, వెళ్ళిన గంట, వచ్చిన గంట,
కాడ్ ఎన్ని పెట్టెలు, హాడక్ ఎన్ని పెట్టెలు.
"వచ్చింది, వచ్చింది" అని గున్‌హిల్దుర్ ఫోను పెట్టేసింది.

నేను మాత్రం పాత ఏళ్ళలోకి, కిందికి, ఇంకా కిందికి పోయాను.
పన్నెండో ఏడు, నవంబరు.
స్వాన్లోయిగ్. హ్యాల్మ్‌తీర్ తమ్ముడి పడవ.
వెళ్ళిన గంట నాలుగూ పది.
వచ్చిన గంట దగ్గర నల్.
సున్నా కాదది. కొట్టేసిన గీతా కాదు.
ఇంకా ఎవరూ ఏమీ రాయలేదని, అంతే.
ఇన్నేళ్ళూ చేపల ధర చూసుకోవాలన్నా
ఆ పేరు చెప్పే లోపలికి వెళ్ళింది ఈ ఊరు, తెలియకుండానే.

పాస్‌వర్డు మార్చాలి. నియమం.
రేపు మారుస్తాను.
ఇవాళ్టికి చచ్చిపో అన్న ఒక్క మాట తీసేసి
రాశాను: కాసేపాగి మళ్ళీ తట్టండి.

చివర సెమికోలన్ మరిచాను.
మళ్ళీ తెల్ల పేజీ. మళ్ళీ గున్‌హిల్దుర్.