మెడతాళ్ళ లెక్క

పేపర్ల వార్త పడకముందే
నాకు తాళ్ళ లెక్కల తెలుస్తది.

రాణీగంజ్‌ల బేరింగుల దుకాణం మీద
రేకుల షెడ్డు నాది.
ఐటీ కంపెనీలోళ్ళ మెడల వేలాడే ఐడీ కార్డు తాళ్ళు
పంతొమ్మిదేండ్ల సంది ఇక్కడే అచ్చయితున్నయి.
నీలం అంటే పర్మనెంటు.
నారింజ అంటే కాంట్రాక్టు.
ఆకుపచ్చ ట్రైనింగు పిల్లలకు.
వాటి క్లిప్పులు చవక రకం, ఆర్నెల్లకు తుప్పు పడతయి.
"ఆర్నెల్లే గదా అక్కా" అంటడు పర్చేజు మేనేజరు.

మార్చిల రాయదుర్గం నుంచి ఫోను.
సముద్రం అవతల ఎవరో
వీసా ఫీజు పెంచి సంతకం పెట్టిన్రట.
"మనోళ్ళను అటు పంపుడు బంద్.
పనే ఇటొస్తున్నది. నాలుగంతస్తులు తీసుకున్నం.
మూడు వేల నీలం కావాలె, పదిహేను రోజులల్ల."
మూడు వేలు!
ఖాజామియా ఈద్ సెలవు ఒక్కరోజుకు కుదించుకున్నడు.
నేను చిట్టీ ఎత్తి
రెండో హీట్ ప్రెస్సు కిస్తీల మీద తెచ్చిన.
వారమంతా షెడ్డుల నీలం వాసనే,
అన్నం ముద్దల కూడా.

జూన్ రాకముందే ఇంకో కాగితం, ఈసారి ఢిల్లీది.
ఏ రూలు మారిందో నాకు తెల్వది.
మేనేజరు మాత్రం నీళ్ళు నమిలిండు.
"నీలం ఆపు అక్కా. నారింజ చెయ్యి."
అప్పటికే పదిహేడు వందలు మిగిలున్నయి.
"వాటి మీదనే నారింజ పొయ్యరాదా?"
పోసి చూసిన.
నీలం మీద నారింజ పోస్తే
నాలాల నీళ్ళ రంగొచ్చింది.

నారింజ లిస్టు తెచ్చిన పిల్ల పేరు మేఘమాల.
హెచ్చార్‌ల చేస్తది. పేర్లన్నీ తనే టైపు చేసిందట.
స్టూలు మీద కూసోని చాయ్ చల్లారబెట్టుకుంట
రెండు వందల పన్నెండో నంబరు మీద వేలు పెట్టింది.
"ఇది నాదే అక్కా."
ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు కొంతసేపు.
"నాకొక్కదానికి నీలం ఇస్తవా?
బ్యాంకోళ్ళు ఇల్లు చూడనీకి వస్తున్నరు, శనివారం."
కుప్పల నుంచి ఒకటి లాగి ఇచ్చిన.
పైసలు ఇయ్యబోయింది. తీసుకోలే.

మిగిలినవాటితోని
ఖాజామియా కాగితాల కట్టలు కడుతున్నడు.
ఒకటి బక్రీద్ మేక మెడల వేసి
"పర్మనెంట్ హోగయా సాలా" అని నవ్విండు.
పండుగ ఇంకా మూడొద్దులుంది.
మేక ఆ తాడు కొసనే నములుతున్నది.

పొద్దుగాల మళ్ళ ఫోను. వెయ్యి తాళ్ళు.
"ఏ రంగు సార్?"
అవతల లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు.
"తెల్లగనే ఉంచు అక్కా ఇప్పటికి.
కాగితం ఇంకా రాలే."

కొత్త ప్రెస్సుకు పదకొండు కిస్తీలున్నయి.
దాని మీద పాత దుప్పటి కప్పిన,
దుమ్ము పడకుండ.